అసిరమ్మ పులుసూ, మా కోడలి చింతపిక్కలూ

మా విశ్రాంత కార్మికుల సంఘం సావనీరులో ఏటేటా ఒకరి జీవితం రాయడం ఆనవాయితీ. ఇన్నాళ్ళూ కొలిమి దగ్గర చెమటోడ్చిన వాళ్ళ గురించే రాశాం. ఈసారి మా కోడలు గౌరీశ్వరి గురించి రాస్తానంటే కమిటీలో ఒకళ్ళిద్దరు ముసిముసిగా నవ్వారు. సొంత కోడలి గురించా అని. అవును, సొంత కోడలి గురించే. పక్కింటి కోడలు ఇంత పని చేసుంటే ఆవిడ గురించే రాసేవాణ్ణి. చేయలేదు మరి, నన్నేం చేయమంటారు?

రాస్తున్నవాడెవడో తెలియాలి కాబట్టి ముందు నా సంగతి రెండు ముక్కలు. నా పేరు అప్పలసూరి. మా ఊరి పెంకుల బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆ ఏడు లెక్కల్లో బడి మొత్తానికి మొదటివాణ్ణి. స్టీల్ ప్లాంటులో కలాసీగా చేరి చార్జిమాన్‌గా రిటైరయ్యాను. మా కొలిమిలోంచి మొట్టమొదటి ఇనుము ఎర్రగా పారుతుంటే దగ్గర నిలబడి చూసినవాళ్ళలో నేనొకణ్ణి. భద్రత బహుమతి మూడుసార్లు అందుకున్నాను. కూర్మన్నపాలెంలో మన సంఘం హాలుకి స్లాబు పడింది నా హయాంలోనే. ఇవన్నీ నేను సాధించినవి. వీటన్నిటికంటే గౌరిని కోడలిగా తెచ్చుకోవడం పెద్ద సాధన అని మా ఆవిడ వరహాలమ్మ అంటుంది. ఆ సంబంధం చూసింది తనే.

గౌరిది కోనసీమ, రాజోలు పక్క పల్లె. వాళ్ళ నాన్న కొబ్బరి దింపు మేస్త్రీ. పెళ్ళిలో ఆయన నాకో ముచ్చట చెప్పాడు. గౌరి చిన్నప్పుడు చుట్టాలెవరో ఒళ్ళో కూచోబెట్టుకుని, "అమ్మమ్మ ఇల్లు బావుందా, నానమ్మ ఇల్లు బావుందా?" అని అడిగారట. ఏ పిల్లయినా ఎవరు ఎదురుగా ఉంటే వాళ్ళ ఇల్లే చెబుతుంది. ఈ పిల్ల కాసేపు ఆలోచించి, "నానమ్మింట్లో వానల్లో ఉన్నానండి, అమ్మమ్మింట్లో మామిడికాయలప్పుడు ఉన్నానండి. ఎలా చెప్పనండి?" అందట. అప్పుడే ఆయనకి భయం వేసిందట, ఈ పిల్లని ఏ ఇంటికి పంపాలిరా బాబూ అని. మా ఇంటికి పంపాడు. మంచి పని చేశాడు.

ఇక్కడి యూనివర్సిటీలోనే స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసింది. రెండో ర్యాంకు. మా అబ్బాయి నవీన్ పోర్టులో క్రేన్ నడుపుతాడు. ఈమె సీతమ్మధారలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతూ డాక్టరేట్ చేస్తోంది. దేనిమీదమ్మా అని అడిగితే, "కొన్ని గళ్ళు ఖాళీగా ఉండిపోయిన పట్టికలో కూడా ఎవరు ముందో, ఎవరు వెనకో న్యాయంగా తేల్చడం ఎలాగో, దానిమీదండి మావయ్యా" అంది. అప్పటినుంచి పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎవరడిగినా, "మా కోడలు ఖాళీల మీద డాక్టరేట్ చేస్తోంది" అని గర్వంగా చెప్పేవాణ్ణి. కొందరు ఇంటి స్థలాల వ్యాపారం అనుకున్నారు. పెందుర్తిలో ఏమన్నా ఖాళీ ఉందా అని మా బావమరిది, అంటే వరహాలమ్మ తమ్ముడు సాయిశంకర్ తోడల్లుడు ఫోను కూడా చేశాడు.

ఇంకో సంగతి చెప్పాలి. గోదావరి పాయ ఒడ్డున పుట్టి కూడా గౌరి చేప ముట్టదు. చిన్నప్పుడు గొంతులో ముల్లు గుచ్చుకుందట. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక అసలు కథ. మన హాలుకి వంటగది కట్టాక అక్కడ రోజూ భోజనం వండి పెట్టే మనిషి కావాల్సి వచ్చింది. ముగ్గురు ముందుకొచ్చారు. జంక్షన్లో పందిరి వేసుకుని ఏళ్ళ తరబడి మెస్ నడుపుతున్న అసిరమ్మ. గోదావరి జిల్లా నుంచి వచ్చి పెళ్ళి వంటలు చేసే వీర్రాజు. పెందుర్తి నుంచి గంగాలమ్మ. వీర్రాజుకీ గంగాలమ్మకీ వేరే పనులున్నాయి, ఇది దొరక్కపోయినా గడుస్తుంది. అసిరమ్మ సంగతి అలా కాదు. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, ఆమె పందిరి తీసేయాలి. ఈ వంటగది దొరికితే పొయ్యి ఇక్కడ వెలుగుతుంది. లేకపోతే గిన్నెలు సర్దుకుని ఊరికి పోవడమే.

మాటల మీద వద్దు, తిని తేలుద్దాం అన్నాం. ముగ్గురికీ ఒకే చేప, వంజరం పులుసు. హాల్లో అప్పటికి ఒకటే పొయ్యి, కాబట్టి రోజుకొకరు. తినేవాళ్ళం ఏడుగురం. పదికి మార్కులు వేయాలి. చీటీలు తీస్తే శనివారం అసిరమ్మకి వచ్చింది, ఆదివారం వీర్రాజుకి, సోమవారం గంగాలమ్మకి. అందరం చప్పట్లు కొట్టాం. ఇందులో తిరకాసు ఉందని ఒక్కడికీ తట్టలేదు. మనకి వారాలు పళ్ళెం ముందు కూచున్నాకే గుర్తొస్తాయి కదా.

శనివారం అసిరమ్మ మూత తీసింది. వాసనకి వీధిలో పోయేవాళ్ళు కూడా తలలు తిప్పారు. సాయిశంకర్ మాత్రం పళ్ళెం పక్కకి జరిపేశాడు.

"ఏటి బావ, ఒంట్లో బాగోనేదా?" అన్నాను.

"శనారం బావ. ఎంకన్నబాబుకి మొక్కు. నాను ముట్టను."

ఆ మాట వినగానే ఇంకో ముగ్గురు నాలుక కరుచుకున్నారు. వాళ్ళకీ శనివారమే. తిన్నది నేనూ, ఇంకొకడూ, చంటీ. చంటి అంటే పసివాడు కాదు. తొంభై కిలోల మనిషి, ఇనస్పెక్షన్ సెక్షన్లో సర్వీసంతా సరుకు తిప్పి పంపించినవాడు. జన్మలో దేనికీ పదికి నాలుగు దాటి వేసి ఎరగడు. అసిరమ్మ పులుసు లొట్టలేసుకుంటూ తిని, గిన్నె కూడా నాకి, నాలుగు వేశాడు. ఆదివారం వీర్రాజు వండితే ఏడుగురమూ తిన్నాం. సోమవారం ఇద్దరికి శివుడు అడ్డొచ్చాడు.

సాయిశంకర్ మన కార్యదర్శి కాబట్టి కూడిక తనే చేశాడు. మైకు పట్టుకుని, వీర్రాజు ఫస్టు, గంగాలమ్మ సెకండు, అసిరమ్మ ఆఖరు అని చదివేశాడు. వీర్రాజు లేచి అందరికీ దణ్ణాలు పెడుతున్నాడు. అసిరమ్మ కడిగిన డేగిశా చంకలో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"బావూ, నా కూర నోట్లో ఎట్టి సూడనోలు నా కూరకి ఏటేసినారు?" అంది.

"సున్నా ఏసీసినాను" అన్నాడు సాయిశంకర్ అమాయకంగా. "తిననోడు మార్కెలాగ ఏత్తాడు? గడి ఖాళీగా ఒగ్గీకూడదని సున్నా ఎట్టీసినాను."

సరిగ్గా అప్పుడే గౌరి కాలేజీ బస్సు దిగి, చేతిసంచీతో హాలు గుమ్మంలోకి వచ్చింది. నన్ను ఇంటికి పిలవడానికి వచ్చిన పిల్ల. 'గడి ఖాళీ' అన్న మాట చెవిన పడగానే చెప్పులు విప్పి లోపలికి వచ్చేసింది. ఆ ముఖం చూడాలి మీరు! కొందరికి తప్పిపోయిన మేకపిల్ల ఎదురొస్తే అలాంటి ముఖం వస్తుంది.

"సున్నా ఎందుకేశారండీ బాబాయ్‌గారూ? తినకపోతే బాగోలేదని కాదు కదండీ. తినలేదని!"

"పోనీ, తిన్నోల మార్కులు తిన్నోల మీద పంచీసి సరాసరి తీత్తాను" అన్నాడు సాయిశంకర్. తీశాడు. అప్పుడూ అసిరమ్మ ఆఖరే! ఎందుకంటే ఆమె కూర తిన్న ముగ్గురిలో ఒకడు చంటి.

"చంటిగారి నాలుగూ, మీ నాలుగూ ఒకటి కాదండి" అంది గౌరి. "చంటిగారూ, మీరు వీర్రాజుగారి కూరకి ఎంతేశారండి?"

"మూడు."

"గంగాలమ్మగారికండి?"

"రెండు. అదీ ఉప్పు సరిపోయినాదని."

"చూశారా? మార్కులు వదిలేయండి. ఒక్కొక్కరు తిన్నవాటిలో ఏది మొదటిది, ఏది రెండోది, ఏది మూడోది, అంతే నాక్కావాలండి. చంటిగారి లెక్కలో అసిరమ్మగారు ఫస్టు."

చంటి ఉలిక్కిపడ్డాడు. "నాను ఒకల్ని ఫస్టు సేసినానా?" అని గుండె మీద చెయ్యేసుకున్నాడు. సర్వీసులో అలాంటి మచ్చ లేదు పాపం.

తినని కూర సంగతి కూడా గౌరి చెప్పింది. దానికి సున్నా పెడితే తిట్టినట్టు, పది పెడితే పొగిడినట్టు. అందుకని త్రాసు ముల్లులా సరిగ్గా నడిమిన నిలబెట్టాలట. అప్పుడది ఎటూ మొగ్గదు. మూడూ తిన్నవాడి మాటకి బరువు ఎక్కువ, రెండు తిన్నవాడి మాటకి తక్కువ. ఒక్కటే తిన్నవాడి మాట లెక్కలోకే రాదు, వాడు దేనితో పోల్చాడని? నేను ఏడో తరగతి లెక్కల్లో ఫస్టు వచ్చినవాణ్ణి కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. మిగతావాళ్ళకి రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

ఆ లెక్కన చూస్తే అసిరమ్మ ముందుకొచ్చేసింది. ఆమె డేగిశా కింద పెట్టి కళ్ళొత్తుకుంది. వీర్రాజు మాత్రం చేతులు నడుం మీద పెట్టుకుని గౌరి ముందుకొచ్చాడు.

"ఏవమ్మా గౌరమ్మా, మన రాజోలు సైడు పిల్లవి. మనోళ్ళ పులుసు గెలిత్తే లెక్కలు తిరగేత్తావేంటమ్మా? ఆయ్!"

"నేను చేపలు తిననండి బాబాయ్‌గారూ. మీ ముగ్గురివీ నాకు ఒకటే వాసనండి" అంది. హాలంతా ఘొల్లుమంది. "అయినా మీరు ఓడిపోయారని నేనెక్కడన్నానండి? అసిరమ్మగారు ముందున్నారన్నాను. గెలిచారో లేదో ఇంకా తెలీదు."

ముందుండడం వేరట, గెలవడం వేరట! అసిరమ్మ మళ్ళీ డేగిశా చంకనెత్తుకుంది. అప్పుడు మా కోడలు చేసిన పని ఈ హాలు ఉన్నంతకాలం చెప్పుకోవాలి. ఇంటికి పరుగెత్తి, మా ఆవిడ చింతపండు ఒలిచి మూట కట్టిన పిక్కలు పట్టుకొచ్చింది. ఒక్కో పిక్క మీద సున్నంతో ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు చుక్కలు పెట్టింది. మూడు కూరలు తిన్నవాడికి మూడు పిక్కలు, రెండే తిన్నవాడికి రెండు.

"ఇప్పుడు మీకు నాలుకే లేదనుకోండి" అంది. "రుచి తెలీదు. గుప్పిట్లో గిలక్కొట్టి ముగ్గురి పేర్ల ముందూ గుడ్డిగా పెట్టండి. అలా ఉత్త అదృష్టం మీదే ఎవరో ఒకరు ఎన్నిసార్లు ఇంత ముందుకొచ్చేస్తారో చూద్దామండి."

ఇంక చూడండి! ఏడుగురు ముసలాళ్ళం చాపేసుకుని బాసింపట్టు వేసుకుని కూచున్నాం. గిలక్కొట్టడం, పెట్టడం, మళ్ళీ ఏరుకోవడం. "నాకు అసిరమ్మ పడినాది!" "నాకు మల్లీ గంగాలమ్మే బావ!" కొలిమి దగ్గర ఇనుము దిగేటప్పుడు కూడా మేమంత కేకలు వేయలేదు. సాయిశంకర్ పిక్క ఎగిరి చంటి చొక్కాలో పడింది. చంటి అది తీయడానికి లేచి గెంతుతుంటే, బయట రోడ్డు పనివాళ్ళు పనాపి కిటికీలోంచి చూశారు. వరహాలమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏటిది, గుంటపిల్లల్లాగ పిక్కలాటలు? సిగ్గు నేదా?" అని, పావుగంట తర్వాత తనూ కూచుంది.

వంద ఆటలు ఆడితే ముప్పైసార్లకి పైనే ఎవరో ఒకరు అంత ముందుకి వచ్చేశారు. అంటే అసిరమ్మ గెలుపు చేతిలోదో, చీటీలోదో చెప్పలేం. తిన్నవాళ్ళు మరీ తక్కువ.

"అయితే ఏటి సెయ్యాలి?" అన్నాను.

"ఇంకా తినాలండి మావయ్యా" అంది గౌరి.

సంఘం చరిత్రలో ఏ తీర్మానమూ ఇంత తొందరగా పాసవలేదు. చేతులెత్తమంటే కొందరు రెండేసి ఎత్తారు.

ఈసారి బుధవారం పెట్టాం, మొక్కులు తక్కువ కాబట్టి. తినేవాళ్ళు ముప్పైమంది. తలో ఇంటినుంచి సిలిండర్లు మోసుకొచ్చి హాలు వెనక మూడు పొయ్యిలు పెట్టాం. ఒక్కటే చిక్కొచ్చింది. మూడు కూరలూ తలా చెంచాడు రుచి చూడండి అంటే మనవాళ్ళకి కుదరదు. మనం రుచి చూసే జాతి కాదు, భోంచేసే జాతి. రెండు గిన్నెల అన్నం అయ్యేసరికి మూడోదానికి కడుపులో చోటుండదు. గౌరి దానికీ బెదరలేదు. "ఒక్కొక్కరు రెండే తినండి. కానీ ఎవరికి ఏ రెండో నేను చెబుతానండి" అంది. పదిమందికి అసిరమ్మదీ వీర్రాజుదీ, పదిమందికి వీర్రాజుదీ గంగాలమ్మదీ, పదిమందికి గంగాలమ్మదీ అసిరమ్మదీ. ఎవరిది ఏదో తెలియకుండా గిన్నెలకి పసుపు బొట్టు, కుంకుమ బొట్టు, సున్నం బొట్టు. ముందే ఖాళీలుంటాయని ఒప్పుకుని, ఆ ఖాళీలు ముగ్గురికీ సమానంగా పంచడం! ఇది నాకు తట్టలేదు. నిజం చెప్పాలంటే మీ ఎవరికీ తట్టలేదు.

అయినా ఖాళీలు మనల్ని వదిలాయా? సాయిశంకర్ రెండు కూరలూ ఒకే అన్నంలో పోసి కలిపేశాడు. "ఏది బాగుంది బాబాయ్‌గారూ?" అంటే, "రెండూ కలిపితే మా బాగున్నాదమ్మా!" అన్నాడు. ఇంకొకాయన రెండూ సమానమే అని ఒట్టేశాడు. ఆయన రెండు గిన్నెలకీ ఒకటికీ రెండుకీ మధ్యన చెరో ఒకటిన్నర ర్యాంకు ఇచ్చింది గౌరి. ఒకాయన మొదటి గిన్నె కాగానే నిద్రపోయాడు. ఆయన్ని లేపుదామంటే, "లేపకండి, ఒక్కటే తిన్నారు కదా, లెక్కలోకి రారు. పాపం పడుకోనివ్వండి" అంది. వీర్రాజు ఏ గిన్నె ముందు ఎవరు చెయ్యి ఆపారా అని పొయ్యి దగ్గరనుంచి మెడ సాచి చూస్తూనే ఉన్నాడు. అసిరమ్మ మాత్రం గోడవైపు తిరిగి నిలబడింది. ఆమె పందిరి గుంజలు ఆ పొద్దునే పీకారు. గిన్నెలన్నీ హాలు వరండాలో ఉన్నాయి.

తిన్నాక లెక్కలోకి వచ్చినవాళ్ళందరం మళ్ళీ పిక్కలు పట్టుకున్నాం. సున్నం బొట్టు గిన్నె తనున్న జతల్లో దాదాపు అన్నిట్లోనూ ముందుంది. వంద ఆటలు గిలక్కొట్టాం. ఉత్త అదృష్టం అంత దూరం వచ్చింది ఒక్కటంటే ఒక్కసారి. ఆ ఒక్కసారీ చంటి పిక్కలు ఏరిపెట్టాడని నాకు అనుమానం. గౌరి లాప్‌టాప్‌లో కూడా ఆడించి చూసింది. అక్కడా అదే మాట.

"ఇప్పుడు చెప్పొచ్చండి మావయ్యా. ఇది చీటీ కాదు, చెయ్యే."

"సున్నం బొట్టు ఎవలిది?" అని ముప్పై గొంతులు.

గౌరి నోరు తెరిచేలోగా అసిరమ్మ గోడవైపునుంచి తిరిగింది. "నాదే బావూ" అంది. అంతే, ఈల వేసింది ఎవరో తెలుసా? వీర్రాజు. గంగాలమ్మ వెళ్ళి ఆమె బుగ్గలు పట్టుకుంది. "ఓలమ్మా, సింతపండు ఎంతేసినావో సెప్పే!" అని.

వరండాలోని గిన్నెలు మేమే మోసి లోపల పెట్టాం. పొయ్యి వెలిగించిన రోజున అసిరమ్మ మొదటి గిన్నె గౌరి కోసం వేరేగా చేసింది. అదే మసాలా, అదే పులుపు, చేప బదులు ఆనపకాయ ముక్కలు. ఆ పిల్ల చుట్టూ మేమంతా మూగాం. ఇంతమందిచేత ఇంత తినిపించి తను ఒక్క మెతుకు కతకలేదు కదా! ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

"ఎలాగున్నాది గౌరమ్మా?" అంది అసిరమ్మ.

"చాలా బావుందండి."

"అలాగ కాదు, ఎన్నో ర్యాంకో సెప్పు" అన్నాను నేను.

"ఒక్కటే తిన్నాను కదండీ మావయ్యా. ఒక్కటే తిన్నవాళ్ళ మాట లెక్కలోకి రాదు. రెండోది ఉండాలి."

"రెండోది నాను తెచ్చినాను" అంది ఒక గొంతు.

చూస్తే వరహాలమ్మ. చేతిలో స్టీలు క్యారేజీ. మూత తీసింది. ఆనపకాయ పులుసు! ఎప్పుడు పసిగట్టిందో, ఎప్పుడు వండిందో, తెచ్చి కోడలి ముందు అసిరమ్మ గిన్నె పక్కనే పెట్టింది. ఇటు అత్తగారు, అటు అసిరమ్మ. డాక్టరేట్ చేస్తున్న పిల్ల రెండు గిన్నెల వంకా మార్చి మార్చి చూసింది. తర్వాత మెల్లగా చెయ్యి కడిగేసుకుంది.

"నాకివాళ ఒక్కపొద్దండి అత్తయ్యా. ఒకపూట తినడం అయిపోయింది."

"నీకు ఒక్కపొద్దేటి? ఎప్పుట్నుంచే?"

"ఈ ముద్ద మింగినప్పట్నుంచండి."

ముందు నవ్వింది వరహాలమ్మే. తర్వాత హాలు పైకప్పు లేచిపోయింది, నేను వేయించిన స్లాబు కాబట్టి నిలబడింది. ఆ గోలలో సాయిశంకర్ వాళ్ళక్క క్యారేజీ వంక చూసి చెయ్యెత్తి అడిగాడు.

"బావ, మరి మా అప్ప గడిలో సున్నా ఏసీమంటావా?"

"ఒద్దు!" అని హాలు మొత్తం ఒక్క గొంతుతో అరిచింది.